పంటి నొప్పికి సెలవు అడగండి
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వంట దగ్గరున్న అక్కలు కూడా ఒక పావుగంట స్టవ్ తగ్గించి ఇటు వస్తే బాగుంటుంది. ఎందుకంటే ఈ సంగతి ఇంట్లో ముందు మీ చెవినే పడుతుంది.

కమిటీవాళ్ళు నన్ను సైట్ సేఫ్టీ మీద మాట్లాడమంటారు. రెండేళ్ళు మాట్లాడాను. హెల్మెట్, బెల్టు, నిచ్చెన, ట్రెంచి. మీరూ మర్యాదగా విన్నారు. ఈసారి పంటి నొప్పి గురించి చెప్తానంటే "అదేం సేఫ్టీ?" అని నవ్వారు. నవ్వండి, ఫర్వాలేదు. కానీ నేను సూపర్‌వైజర్‌గా చేస్తున్న ఆరేళ్ళలో నా మనిషి ఒకడు గొంతులో గొట్టంతో ఆసుపత్రిలో పడుకున్నది ఒక్కసారే. అది పైనుంచి పడి కాదు, కరెంటు కొట్టి కాదు. పిప్పిపన్ను వల్ల.

ముందే ఒక మాట. నేను డాక్టర్ని కాను, పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసినవాణ్ణి. ఆ కుర్రాడికి అలా జరిగిన తర్వాత సిగ్గుతో, భయంతో నలుగురిని అడిగి, కాగితాలు చదివి తెలుసుకున్నవే ఇక్కడ చెప్తున్నాను.

ఆ కుర్రాడు విజయనగరం వైపు వాడు. పేరు చెప్పను. ఇక్కడే ఉన్నాడు, చెప్పుకోమని ఒప్పుకున్నాడు కాబట్టే చెప్తున్నాను. నవంబరు నెల. ఫౌండేషన్ గోడలకు షట్టరింగ్ అయిపోయి శనివారం కాంక్రీట్ పోయాలి. మంచు పడకముందే గోడ లేవాలని మా మీద ఒత్తిడి, మా వల్ల కుర్రాళ్ళ మీద ఒత్తిడి. మంగళవారం పొద్దున ట్రక్కులో నా పక్కన కూర్చుని, "అన్నా, పన్ను సలిపేస్తంది, రాత్రంతా నిద్ర లేదు" అన్నాడు. నేనేం చేశానో తెలుసా? డాష్‌బోర్డులో ఉన్న అడ్విల్ డబ్బాలోంచి రెండు మాత్రలిచ్చి, "శనివారం దాకా ఓర్చుకోరా, పోత అయ్యాక చూద్దాం" అన్నాను.

వాడు ఓర్చుకున్నాడు. గురువారం వచ్చి, "తగ్గిపోయిందన్నా" అన్నాడు. నాకు సంతోషం. శనివారం గోడ పోశాం. ఆ తర్వాత పన్ను సంగతి వాడూ మర్చిపోయాడు, నేనూ మర్చిపోయాను.

మళ్ళీ వారం దాటాక ఆదివారం రాత్రి పదకొండింటికి వాడి రూమ్మేటు ఫోన్ చేశాడు. క్లేటన్ పార్కులో నలుగురు కలిసి ఉంటారు. "అన్నా, వీడి మొహం వాచిపోయింది, నోరు తెరవలేకపోతున్నాడు, ఉమ్మి మింగలేకపోతున్నాడు, తువ్వాలు పెట్టుకుని కూర్చున్నాడు." శుక్రవారం నుంచి దవడ కింద గట్టిగా ఉందట. సోమవారం పనికి రాకపోతే ఏమంటానోనని నాకు చెప్పలేదట. ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటూనే ఉంది.

911కి చేయండిరా అంటే అంబులెన్సు బిల్లు వస్తుందని భయపడ్డారు. నేను డార్ట్‌మౌత్ నుంచి మకే బ్రిడ్జి దాటి వెళ్ళి, వాణ్ణి కారులో ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అదీ తప్పే. ఆ పరిస్థితిలో దారిలో ఊపిరి ఆగితే కారులో నేను చేయగలిగింది ఏమీ లేదు. అంబులెన్సులో అయితే చేయగలిగినవాళ్ళుంటారు. ఎమర్జెన్సీలో నర్సు వాణ్ణి ఒక్కసారి చూసింది, క్యూలో కూర్చోబెట్టలేదు. అప్పుడు అర్థమైంది నాకు. ఇక్కడ ఎమర్జెన్సీలో గంటలు గంటలు కూర్చున్నవాళ్ళం మనమంతా. చూసిన వెంటనే లోపలికి తీసుకెళ్ళారంటే సంగతి బాగోలేదన్నమాట.

కింది దవడ చివరి పంటి వేరు దగ్గర పుట్టిన చీము, నాలుక కింద నుంచి మెడలోకి దిగింది. మెడ బయటినుంచి కోసి చీము తీశారు, పన్ను పీకారు, వాపు తగ్గేదాకా ఊపిరికి గొట్టం పెట్టారు. మర్నాడు డాక్టరుగారు నన్నడిగారు: నొప్పి ఎప్పుడు మొదలైంది? నేను "దాదాపు రెండు వారాలు" అన్నాను. అప్పుడు తెలిస్తే ఏం చేశారు అని ఆవిడ అడగలేదు. అడిగితే ఏం చెప్పేవాణ్ణో నాకు తెలియదు.

ఇప్పుడు అసలు విషయం. నొప్పి తగ్గిందన్నాడు కదా, మరి రోగం ఎలా పెరిగింది? చాలామందికి తెలియనిది ఇదే. పంటి మధ్యలో నరం, రక్తనాళాలు ఉన్న మెత్తని భాగం ఉంటుంది. పుచ్చు అక్కడిదాకా వెళ్తే నరం వాస్తుంది. చుట్టూ గట్టి పన్ను, వాచడానికి చోటు లేదు, అందుకే ఆ సలుపు. పడుకుంటే ఇంకా ఎక్కువ. కొన్ని రోజులకు ఆ నరం చచ్చిపోతుంది. నరం చస్తే నొప్పి ఆగుతుంది. మనం తగ్గిపోయిందని పండగ చేసుకుంటాం. లోపల సూక్ష్మజీవులు మాత్రం వేరు చివర నుంచి ఎముకలోకి పోతాయి. స్లాబు కారుతుంటే కింద సున్నం కొట్టినట్టుంటుంది మన సంతోషం. కాబట్టి రాత్రి నిద్ర పట్టనంత సలుపు వచ్చి, మందు లేకుండా ఉన్నట్టుండి ఆగిపోతే, ఆ వారంలోనే దంతవైద్యుణ్ణి కలవాల్సిందే.

మా చిన్నప్పుడు పంట్లో పురుగులున్నాయని వాకుడు గింజల పొగ పట్టేవాళ్ళు. జిల్లేడు పాలు దూదితో పెట్టేవాళ్ళు. పంట్లో పురుగు ఉండదు, జిల్లేడు పాలకు చిగురు కాలుతుంది. ఆస్ప్రిన్ మాత్ర చిగురు మీద పెట్టుకున్నా అంతే, పుండు పడుతుంది. లవంగ నూనె చుక్క దూదిమీద పెడితే కాసేపు మొద్దుబారుతుంది, అంతవరకే దాని పని. గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలించడం మంచిదే. వాపు మీద వేడి కాపడం పెట్టకండి, చల్లని గుడ్డ బయటినుంచి పెట్టుకోండి.

ఎప్పుడు ఎక్కడికి పరిగెత్తాలో చెప్తాను, ఫోన్లో రాసుకున్నా సరే. ఊపిరి ఆడకపోవడం, ఉమ్మి మింగలేకపోవడం, నాలుక కింద పైకి లేచినట్టు గట్టిగా ఉండటం, నోరు రెండు వేళ్ళంత కూడా తెరుచుకోకపోవడం, వాపు మెడలోకి దిగడం లేదా కంటి వైపు ఎక్కడం, వాపుతో చలిజ్వరం - వీటిలో ఒక్కటి ఉన్నా అది పంటి జబ్బు కాదు, ప్రాణానికి సంబంధించిన జబ్బు. ఊపిరి, మింగుడు అయితే 911. మిగతావైతే నేరుగా ఆసుపత్రి ఎమర్జెన్సీ. బిల్లు తర్వాత. దెబ్బ తగిలి దవడ విరిగినట్టున్నా, రక్తం ఆగకపోయినా కూడా అంతే.

దాని కింది మెట్టు: చెంప వాచింది కానీ ఊపిరి, మింగుడు బాగున్నాయి. లేదా మాత్ర వేసుకున్నా నిద్ర పట్టని సలుపు. లేదా పన్ను విరిగి మధ్యలో ఎర్ర చుక్క కనబడుతోంది. ఇవి దంతవైద్యుడి పని, ఈ రోజే. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఏంటంటే, ఇలాంటివాటికి ఆసుపత్రికి వెళ్ళి ఏడెనిమిది గంటలు కూర్చుంటారు. ఎమర్జెన్సీలో సాధారణంగా పన్ను పీకరు, రూట్ కెనాల్ చేయరు. నొప్పి మాత్ర, అవసరమైతే యాంటీబయాటిక్ రాసి, దంతవైద్యుణ్ణి కలవండి అంటారు. రాత్రి పోయింది, పన్ను అలాగే ఉంది.

మరి దంతవైద్యుణ్ణి అదే రోజు ఎలా పట్టుకోవాలి? చాలా క్లినిక్‌లు రోజూ కొంత టైము ఎమర్జెన్సీలకు వదిలిపెడతాయి. అది పొద్దున్నే నిండిపోతుంది. కాబట్టి క్లినిక్ తెరిచే నిమిషానికి ఫోన్ చేయండి. మధ్యాహ్నం భోజనం విరామంలో చేస్తే దొరకదు. "అపాయింట్‌మెంట్ కావాలి" అంటే మూడు వారాల తర్వాత ఇస్తారు. మాట మార్చాలి. ఇలా అనండి: "ఐ హావ్ ఎ డెంటల్ ఎమర్జెన్సీ. మై ఫేస్ ఈజ్ స్వోలెన్. ఐ కాంట్ స్లీప్ బికాజ్ ఆఫ్ పెయిన్. కెన్ యూ సీ మీ టుడే?" వాపు లేకపోతే ఉందని చెప్పొద్దు. ఉన్నదే స్పష్టంగా చెప్పండి. మనవాళ్ళకి ఒక అలవాటు ఉంది, ప్రాణం పోతున్నా ఫోన్లో "లిటిల్ పెయిన్" అంటారు. మర్యాద అనుకుంటారు. అవతల అమ్మాయికి అది లిటిల్ అనే అర్థమవుతుంది. నొప్పి పదికి ఎంత అని అడుగుతారు. ఎనిమిదైతే ఎనిమిదే చెప్పండి. లేదంటే మూడు, నాలుగు క్లినిక్‌లకు వరసగా చేయండి, ఎవరైనా రద్దు చేసుకుంటే పిలవమని పేరు ఇవ్వండి. సెలవు రోజుల్లో కూడా వాయిస్‌మెయిల్ చివరిదాకా వినండి, అత్యవసరానికి వేరే నంబరు చెప్పేవాళ్ళుంటారు.

ఎటు వెళ్ళాలో తేల్చుకోలేకపోతే 811. నోవా స్కోషియా అంతటా ఇరవై నాలుగు గంటలూ నర్సు మాట్లాడుతుంది, ఉచితం. ఇంగ్లీషు ఇబ్బందైతే ఇంటర్‌ప్రెటర్ కావాలని మొదటే అడగండి.

హాలిఫాక్స్‌లో ఉన్నందుకు మనకు ఒక అదృష్టం ఉంది. డల్హౌసీ యూనివర్సిటీ దంతవైద్య కళాశాల యూనివర్సిటీ అవెన్యూలో ఉంది. 1908లో మొదలైన కాలేజీ, అట్లాంటిక్ ప్రాంతం మొత్తానికి దంతవైద్య కాలేజీ అదొక్కటే. అక్కడ విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు, ఫీజు బయటికంటే తక్కువ. టైము ఎక్కువ పడుతుంది, ఒక్క పన్నుకు పూట పోతుంది. కాలేజీ నడిచే రోజుల్లోనే, ముందు ఫోన్ చేసి మాత్రమే వెళ్ళాలి. విద్యార్థులు చేస్తారంటే మనవాళ్ళు జంకుతారు. మన ఊళ్ళో గవర్నమెంటు డెంటల్ కాలేజీకి వెళ్ళమా? ప్రతి మెట్టూ ప్రొఫెసరు చూసి సరే అన్నాకే ముందుకెళ్తారు. మా సైట్లో అలాంటి తనిఖీ ఉంటే నా ఉద్యోగం సగం తేలికయ్యేది.

ఇక డబ్బు. మనవాళ్ళు ఆగేది ఇక్కడే.

ఎమ్ఎస్ఐ కార్డు ఉంటే చాలనుకుంటారు. ఏడాది, అంతకు మించిన వర్క్ పర్మిట్ ఉన్నవాళ్ళకి ఆ కార్డు వస్తుంది. తీసుకోనివాళ్ళుంటే రేపే తీసుకోండి. కానీ అది ఆసుపత్రికి, డాక్టరుకు. పెద్దవాళ్ళ పళ్ళ క్లినిక్కు ఖర్చు అందులో లేదు. మన కుర్రాడికి మెడ కోసినదానికి డబ్బు పడలేదు, అది ఆసుపత్రి ఆపరేషన్ కాబట్టి. రెండు వారాల ముందు పన్ను పీకించుకుంటే ఒకటి రెండు రోజుల కూలి పోయేది. అది మిగిలిందనుకుంటే నాలుగు వారాల జీతం పోయింది. పిల్లల సంగతి వేరు. పదిహేనో పుట్టినరోజు వచ్చే నెలాఖరుదాకా పిల్లలకు పళ్ళ వైద్యానికి రాష్ట్ర పథకం ఉంది. మీ ఇంట్లో ఉన్న బీమా ముందు, మిగతాది పథకం. పిల్లల్ని వాయిదా వేయడానికి అసలు కారణమే లేదు.

పెద్దవాళ్ళకి ముందు కంపెనీ బీమా చూసుకోండి. టీ-4 కాగితంలో 45వ బాక్సు చూడండి. అక్కడ 1 అని ఉంటే మీకు యజమాని ద్వారా పళ్ళ బీమా లేదని అర్థం. 2 నుంచి 5 లోపు ఏదైనా ఉంటే ఉందన్నమాట. మా దగ్గర ఒకాయన మూడేళ్ళు బీమా ప్రీమియం జీతంలో కోయించుకుని, బీమా ఉందని తెలియకుండానే పళ్ళ నొప్పి భరించాడు. పే స్టబ్ చదవండయ్యా.

బీమా లేనివాళ్ళకి ఫెడరల్ ప్రభుత్వ పథకం ఉంది, కెనడియన్ డెంటల్ కేర్ ప్లాన్. 2024లో ముసలివాళ్ళతో మొదలుపెట్టి, 2025 మేలో పద్దెనిమిది నుంచి అరవై నాలుగేళ్ళ వాళ్ళందరికీ దరఖాస్తు తెరిచారు. సిటిజన్ కానక్కర్లేదు, పీఆర్ కానక్కర్లేదు. పన్నుల లెక్కలో కెనడా నివాసి అయి ఉండాలి, ముందటి ఏడాది టాక్స్ రిటర్న్ వేసి ఉండాలి, భార్యాభర్తలుంటే ఇద్దరూ వేసి ఉండాలి, కుటుంబ నికర ఆదాయం 90,000 డాలర్ల లోపు ఉండాలి. 70,000 లోపైతే పథకం రేటు మొత్తం వాళ్ళే ఇస్తారు. 70,000 నుంచి 80,000 లోపు అయితే 40 శాతం మనది, ఆ పైన 60 శాతం మనది. అంటే పన్ను బాగు చేయించుకోవాలంటే ముందు పన్ను లెక్క వేయాలి. మన భాషలో రెండిటికీ ఒకే మాట ఎందుకు పెట్టారో ఇప్పుడు తెలిసింది నాకు.

ఇందులో మూడు మెలికలున్నాయి. కంపెనీ బీమా ఇస్తామన్నా మీరు వద్దనుకుంటే, మీకు బీమా ఉన్నట్టే లెక్క, ఈ పథకం రాదు. రెండోది, పథకం మొదలయ్యే తేదీకి ముందు చేయించుకున్నదానికి డబ్బు తిరిగి రాదు. నొప్పి వచ్చాక దరఖాస్తు పెడితే ఆ పంటికి అందదు. అందుకే ఇవాళ నొప్పి లేనివాళ్ళు పెట్టండి. మూడోది, పథకం రేటుకంటే కొన్ని క్లినిక్‌లు ఎక్కువ తీసుకుంటాయి, ఆ తేడా మనమే కట్టాలి. ఫోన్లోనే "డూ యూ అక్సెప్ట్ ద కెనడియన్ డెంటల్ కేర్ ప్లాన్? హౌ మచ్ విల్ ఐ పే?" అని రెండూ కలిపి అడగండి. ఏటా రెన్యూ చేయాలి, అదీ మర్చిపోవద్దు.

ఈ ఏడాదే వచ్చినవాళ్ళకు రిటర్న్ ఉండదు కాబట్టి మొదటి ఏడాది చేతి డబ్బే. అలాంటివాళ్ళు డల్హౌసీ నంబరు పెట్టుకోండి. ఏ క్లినిక్‌కి వెళ్ళినా చేయించుకునే ముందు ఖర్చు రాసిమ్మని అడగండి. రూట్ కెనాల్‌కి డబ్బు లేకపోతే పీకడానికి ఎంత, ఇవాళ్టికి చీము తీసి నొప్పి ఆపడానికి ఎంత అని అడగడం తప్పు కాదు. విడతల్లో కడతానని అడగడమూ తప్పు కాదు. అడిగితే అవమానం అనుకునేది మనమే, వాళ్ళకి అది రోజూ వినే మాట.

"ఊరెళ్ళినప్పుడు చూపించుకుంటా" - ఇది మనందరి మాట. ఆ కుర్రాడూ సంక్రాంతికి టికెట్ కొనుక్కుని అదే అనుకున్నాడు. ఊళ్ళో చవక, భాష మనది, డాక్టరు నాన్నకు తెలిసినవాడు. నేను కాదనను. క్యాపు, కట్టుడు పన్ను, ఇంప్లాంట్ లాంటివి ఊళ్ళో చేయించుకునేవాళ్ళలో నేనూ ఉన్నాను. కానీ సలుపు, చీము, వాపు ఊరు దాకా ఆగవు. పైగా పుచ్చిన పంటితో విమానం ఎక్కితే గాలి ఒత్తిడి మార్పుకి నొప్పి ఇంకా రేగుతుంది. సముద్రం మీద ఎవరిని పిలుస్తారు?

మాత్రల గురించి తప్పక చెప్పాలి. ఇండియా నుంచి డోలో, కాంబిఫ్లామ్ తెచ్చుకోని ఇల్లు మనలో లేదు. ఇక్కడ టైలనాల్‌లో ఉండే అసిటమినోఫెన్, మన డోలోలో ఉండే పారాసిటమాల్ ఒకటే మందు. పేరే వేరు. పొద్దున్నుంచి నాలుగు డోలో 650 వేసుకుని, తగ్గలేదని నాలుగు టైలనాల్ 500 వేసుకుంటే 4,600 మిల్లీగ్రాములు. రోజుకి హద్దు 4,000, అదీ ఆరోగ్యవంతుడికి. దాటితే లివర్ పోతుంది. తాగే అలవాటుంటే హద్దు ఇంకా తక్కువ. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రోఫెన్, పారాసిటమాల్ రెండూ ఉన్నాయి. దాని మీద అడ్విల్ వేసుకుంటే ఐబుప్రోఫెన్ రెండుసార్లు వేసుకున్నట్టే. పంటి నొప్పికి ఐబుప్రోఫెన్, అసిటమినోఫెన్ రెండూ డబ్బా మీద రాసిన మోతాదులో కలిపి వేసుకుంటే ఒక్కోటి విడిగా వేసుకున్నదానికంటే బాగా పనిచేస్తాయి. డాక్టర్లు చెప్పేదీ అదే. కానీ కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, ఆస్తమా, రక్తం పల్చబడే మందులు, గర్భం ఉన్నవాళ్ళు ఐబుప్రోఫెన్ జోలికి పోకుండా ఫార్మసీలో అడగండి. అడిగితే ఫార్మసిస్టు డబ్బు తీసుకోడు.

ఇంకొకటి, పెట్టెలో మిగిలిన అమాక్సిసిలిన్ స్ట్రిప్పు. రూమ్మేటుకి గొంతు నొప్పికి ఇచ్చినవి నాలుగు మిగిలాయి, పంటికి వేసుకుందాం అంటారు. పంటి నొప్పికి చాలాసార్లు యాంటీబయాటిక్ అక్కర్లేదు. చీము పట్టి వాపు, జ్వరం ఉంటే డాక్టరు ఇస్తారు. అప్పుడు కూడా చీము బయటికి పోయి, పన్నుకి వైద్యం జరగాలి. మందు ఒక్కటే సరిపోదు. నాలుగు మాత్రలతో రెండు రోజులు అణగుతుంది, వారానికి మళ్ళీ లేస్తుంది.

సైట్లో దెబ్బలు. రాడ్ తిరిగి మూతికి తగలడం, రెంచి జారడం మీకు తెలుసు. పన్ను మొత్తం ఊడి వస్తే వెతకండి. వేరు పట్టుకోవద్దు, పైభాగం పట్టుకోండి. మట్టి ఉంటే క్షణాలపాటు నీళ్ళతో కడగండి, తుడవొద్దు, గీకొద్దు. ధైర్యముంటే అదే గుంటలో అదే వైపుకి పెట్టి, శుభ్రమైన గుడ్డ కొరికి పట్టుకోండి. లేకపోతే పాలల్లో వేయండి. కాఫీ తెచ్చే చోట పాలుంటాయి, మామూలు చల్లని పాలు. నీళ్ళల్లో మాత్రం నానబెట్టొద్దు. అరగంటలో దంతవైద్యుడి దగ్గర ఉంటే ఆ పన్ను మళ్ళీ నిలబడే అవకాశం బాగా ఉంటుంది. గంట దాటితే తగ్గిపోతూ ఉంటుంది. పిల్లల పాలపన్ను ఊడితే మాత్రం తిరిగి పెట్టకూడదు, కింద వచ్చే పన్ను పాడవుతుంది. పనిలో తగిలిన దెబ్బ అయితే ఆ రోజే సూపర్‌వైజర్‌కి చెప్పి రాయించండి. కార్మికుల నష్టపరిహార బోర్డు కింద వైద్యం వస్తుంది, పళ్ళు కూడా అందులో భాగమే. యజమాని ఐదు పని దినాల్లో బోర్డుకి తెలపాలి. "ఇంట్లో పడ్డానని చెప్పు" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

సెలవు సంగతితో ఆపేస్తాను. నోవా స్కోషియా కార్మిక చట్టంలో డాక్టరు, దంతవైద్యుడి అపాయింట్‌మెంట్ల కోసం, ఇంట్లోవాళ్ళ అనారోగ్యం కోసం ఏడాదికి మూడు రోజుల జీతం లేని సెలవు ఉంది. దంతవైద్యుడు అని చట్టంలోనే రాసి ఉంది. 2025 జనవరి నుంచి మన సొంత అనారోగ్యానికి ఇంకో ఐదు రోజులు, అవీ జీతం లేనివే. జీతం లేదు కాబట్టి లాభం ఏమిటంటారు. ఆ సెలవు పెట్టినందుకు ఉద్యోగం తీయకూడదు, అదీ లాభం. ఒకటి రెండు రోజులకు డాక్టరు చీటీ తెమ్మనే పద్ధతికి కూడా 2023 జూలై నుంచి హద్దు పెట్టారు. ఐదు పని దినాలు దాటితేనో, ఆ ఏడాదిలో ముందే రెండుసార్లు మానేసి ఉంటేనో అడగొచ్చు. క్లోజ్డ్ పర్మిట్ వాళ్ళకు కూడా ఈ చట్టమే.

చట్టం ఉంది సరే, ఆ కుర్రాడు మాత్రం నాకే చెప్పలేకపోయాడు. నేను తెలుగువాణ్ణి, అన్నా అని పిలుస్తాడు, ఒకే ట్రక్కులో వెళ్తాం. అయినా భయపడ్డాడు. ఎందుకంటే మంగళవారం ఓర్చుకో అన్నది నేనే కదా. ఒకసారి ఓర్చుకో అంటే, రెండోసారి మనిషి అడగడు. ఈ హాల్లో ఫోర్‌మెన్లు, లీడ్ హ్యాండ్లు పది పన్నెండు మంది కనబడుతున్నారు. మీకు విడిగా చెప్పాలి. పంటి నొప్పితో రాత్రి నిద్రలేని మనిషిని మీరు నిచ్చెన ఎక్కిస్తున్నారు, రంపం చేతికిస్తున్నారు. మా సైట్లో ఇప్పుడు పద్ధతి మార్చాం. ఎవరైనా పన్ను అన్నారంటే ఎనిమిదింటికి నా ఫోన్ వాళ్ళ చేతికిస్తాను, క్లినిక్ టైము దొరికేదాకా పనిలోకి దిగరు. పోత ఉన్నా సరే. గోడ ఒకరోజు ఆగితే నాకు చీవాట్లు వస్తాయి. అవి నేను తింటాను.

ఇంకా ఒకటి రెండున్నాయి, డబుల్ డబుల్ కాఫీ గురించి కూడా చెప్పాలనుకున్నాను. రోజుకి ఐదు, ఒక్కోదాంట్లో రెండు చక్కెరలు, గంటలు గంటలు చప్పరిస్తూ. కానీ పులిహోర వాసన వస్తోంది, మీరు వినరు.

బయట టేబుల్ మీద కాగితం పెట్టాను. శనివారం తెరిచే క్లినిక్‌ల నంబర్లు, డల్హౌసీ నంబరు, ఇంగ్లీషులో చెప్పాల్సిన మాటలు తెలుగు లిపిలో ఉన్నాయి. డెంటల్ ప్లాన్ దరఖాస్తుకి సాయం చేయడానికి ఇద్దరు చెల్లెళ్ళు లాప్‌టాప్‌లతో కూర్చున్నారు, సిన్ నంబరు, టాక్స్ కాగితం ఉంటే భోజనానికి ముందే అయిపోతుంది. ఇవాళ నొప్పి ఉన్నవాళ్ళు ముందు నా దగ్గరికి రండి. నాకూ పైదవడలో ఒకటి ఆర్నెల్ల నుంచి చల్లనీళ్ళకి జివ్వుమంటోంది. ఈ ప్రసంగం రాసుకుంటుంటే గుర్తొచ్చి సిగ్గేసింది. మంగళవారం పొద్దున ఎనిమిదింబావుకి టైము తీసుకున్నాను.